చందుర్తి చేలో ఎర్ర కోట్లు

ఇంకాస్త దగ్గరికి జరగండర్రా. భోగిమంట చల్లారేలోగా ఓ ముచ్చట చెబుతాను.

మద్రాసులో నేనొక పెద్ద డైరెక్టరుగారి దగ్గర అసిస్టెంటుగా ఉన్న రోజులు. ఉన్న అయిదుగురిలో ఆఖరివాణ్ణి. క్లాప్ కొట్టడం, హీరోగారి బొట్టు నిన్నటి షాటులో ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండేట్టు చూడటం, జూనియర్ ఆర్టిస్టులకి డ్రెస్సులు పంచి సాయంత్రం లెక్కపెట్టి పెట్టెల్లో సర్దించడం నా పని. ఆయన్ని గురువుగారూ అనేవాళ్లం. నా చదువంతా ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నదే.

కంపెనీ కాలం నాటి యుద్ధం సీను తీస్తున్నాం. దొరల వేషాలకీ, సిపాయిల వేషాలకీ అందరికీ ఎర్ర కోట్లే తొడిగించేశాను. గురువుగారు కెమెరాలో చూసి, "వీళ్లలో దొరెవడో సిపాయెవడో నాకే తెలియట్లేదు, హాల్లో కూచున్నవాడికేం తెలుస్తుందిరా?" అన్నారు. షూటింగు ఆగిపోయింది. అంతమంది ఎండలో నిలబడి ఉంటే నా ప్రాణం చచ్చిపోయింది. "కన్నెమరా లైబ్రరీకి పో. ఎవరేం తొడుక్కున్నారో చూసుకురా" అన్నారు.

ఎగ్మూరులో ఆ లైబ్రరీలో రెండు రోజులు కూచున్నాను. రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషాయన ఆ కాలంలోనే రాసిన చరిత్ర దొరికింది. తిప్పుతుంటే ‘కాండోర్’ అని ఓ ఊరు. చుట్టుపక్కల ఊళ్లు పోల్చుకుంటే ఒళ్లు ఝల్లుమంది. అది మన చందుర్తి! మా అమ్మమ్మ ఊరి పక్కన, పిఠాపురం దాపున, చిన్నప్పుడు మేం రేగుపళ్లు ఏరుకున్న చందుర్తి!

1757లో బొబ్బిలి యుద్ధం మీకు తెలుసుగా. ఆ తర్వాత విజయనగరం ఆనందరాజుకి ఫ్రెంచివాళ్లతో చెడింది. బెంగాల్లో ఉన్న ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. క్లైవు కర్నల్ ఫోర్డుని ఓడల మీద విశాఖపట్నం పంపాడు. వెంట అయిదొందలమంది దాకా తెల్లవాళ్లు, రెండువేలమంది సిపాయిలు. 1758 డిసెంబరులో కాన్‌ఫ్లాన్ నడిపే ఫ్రెంచి సైన్యం చందుర్తి దగ్గర ఎదురుపడింది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. ఫోర్డు తెచ్చిన తెల్లవాళ్ల దండుకి అడ్డంగా ఏపుగా ఎదిగిన మొక్కజొన్న చేను. వాళ్లు బయటికి కనబడలేదు. పక్కన బెంగాలు సిపాయిలు ఎర్ర కోట్లలో నిలబడి కనబడ్డారు. ఇక్కడి సిపాయిలు అప్పటికింకా అలాంటి కోట్లు తొడుక్కునేవాళ్లు కారు. ఎర్ర కోటంటే దొరే అనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీద విరుచుకుపడ్డారు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచాం అనుకుని ఫ్రెంచివాళ్లు వరస తప్పి తరుముతుంటే, చేలోంచి అసలు తెల్లదండు బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి రాజమండ్రి పారిపోయాడు. మరుసటి ఏడు ఏప్రిల్లో, అంటే 1759లో, ఫ్రెంచివాళ్ల చేతిలోంచి బందరు కోట కూడా పోయింది.

గురువుగారికి ఊపిరి బిగబట్టి చెప్పాను. నేను చేసిన తప్పే ఆ రోజు ఫ్రెంచివాళ్ల కళ్లని మోసం చేసింది కదా! "మరి తేడా ఎక్కడరా?" అన్నారు. కాళ్లండీ, అన్నాను. పాత బొమ్మల్లో సిపాయికి పైన కోటు, కింద పొట్టి లాగు, మోకాళ్లు బోసిగా ఉంటాయి. కెమెరా నేలకి దించి ఆ కాళ్ల మీంచే షాటు మొదలుపెట్టారు. అంతటి మనిషి, నా మాట విని! ఆ పూట నాకు అన్నం సహించలేదు సంతోషంతో.

ఆ తెల్లదండే తర్వాత ఐర్లండులోని ఓ ప్రాంతం పేరుతో రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ అయింది. 1922లో రద్దయి, దాని జెండాలు విండ్సర్ కోటలో రాజుగారికి అప్పగించేదాకా, ప్లాసీ పక్కన ‘కాండోర్’ ఆ రెజిమెంటు యుద్ధ గౌరవాల్లో ఉంది. ముందు దెబ్బ తిన్న ఆ సిపాయిల పేరు మాత్రం నేను చదివిన పేజీల్లో ఒక్కటీ లేదు. అదొక్కటే నాకు ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.

కనుమ వెళ్లనివ్వండి, అందరం చందుర్తి పోదాం. చేలగట్టు మీద నిలబెట్టి చూపిస్తాను.