వాకీటాకీల ప్రసార శక్తి, బ్యాటరీ మన్నిక

వాకీటాకీ అనేది చేతిలో పట్టుకొని మాట్లాడటానికి, వినటానికి ఉపయోగపడే రేడియో పరికరం. అది బయటకు పంపే తరంగాల బలాన్ని ప్రసార శక్తి అంటారు. దీనిని వాట్లలో కొలుస్తారు. శక్తి పెరిగినకొద్దీ బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది.

వికారాబాదు, తాండూరులలో వాడకం

సికింద్రాబాదు - వాడి రైలుమార్గం 1874లో ఏర్పడింది. వికారాబాదు జంక్షన్, తాండూరు స్టేషన్లు ఈ మార్గంలోనే ఉన్నాయి. రైల్వేలో లోకో పైలట్, గార్డు (2022 నుండి ట్రైన్ మేనేజర్) 5 వాట్ల వాకీటాకీలతోను, స్టేషన్ మాస్టర్లు 25 వాట్ల సెట్లతోను మాట్లాడుకుంటారు. అర కిలోమీటరుకు పైగా పొడవుండే గూడ్సు రైలులో ముందున్నవారికి, వెనకున్నవారికి మధ్య మాట కలిపేది ఈ పరికరమే. కాబట్టి ప్రయాణం మధ్యలో బ్యాటరీ అయిపోవటం భద్రతకు సంబంధించిన విషయం.

శక్తి, దూరం

శక్తి అయిదు రెట్లయితే దూరం అయిదు రెట్లు కాదు. అడ్డులేని ఆకాశంలో దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగు రెట్లు కావాలి. నేలకు దగ్గరగా అయితే దాదాపు పదహారు రెట్లు కావాలి. పైగా ఈ తరంగాలు దాదాపు దృష్టిరేఖలోనే ప్రయాణిస్తాయి. సమతల నేలపై నిలబడిన ఇద్దరి మధ్య ఈ హద్దు సుమారు 10 కిలోమీటర్లు. తాండూరు వికారాబాదుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. అందువల్ల ఎన్ని వాట్లు పెంచినా చేతి పరికరాలతో నేల మీద నుండి ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా మాట్లాడటం సాధారణంగా సాధ్యం కాదు. ఒక యాంటెన్నా 100 మీటర్ల ఎత్తున ఉంటే హద్దు 45 కిలోమీటర్లు దాటుతుంది. అంటే వాట్ల కంటే ఎత్తు ముఖ్యం.

బ్యాటరీ లెక్క

ఉదాహరణకు, 2000 మిల్లీఆంపియర్-అవర్ల బ్యాటరీ గల పరికరం 5 వాట్ల వద్ద మాట్లాడేటప్పుడు 1500, 1 వాటు వద్ద 700, వినేటప్పుడు 400, ఊరకే ఉన్నప్పుడు 70 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. సమయంలో 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినటం, 90 శాతం ఊరకే ఉండటం జరిగితే సగటు వాడకం 5 వాట్ల వద్ద 158, 1 వాటు వద్ద 118 మిల్లీఆంపియర్లు. అంటే బ్యాటరీ వరుసగా సుమారు 12.5 గంటలు, 17 గంటలు వస్తుంది. శక్తిని అయిదో వంతుకు తగ్గించినా మన్నిక మూడో వంతు మాత్రమే పెరిగింది. ఊరకే ఉన్న సమయంలోనూ ఖర్చు ఉండటమే దీనికి కారణం. ఎక్కువగా మాట్లాడేవారికి మాత్రం ఈ తేడా పెరుగుతుంది.

లైసెన్సు

భారతదేశంలో 2018 నుండి 446.0 - 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే స్వల్ప శక్తి పరికరాలకు లైసెన్సు మినహాయింపు ఉంది. ఇతర పౌనఃపున్యాలలో పనిచేసే 5 వాట్ల వాకీటాకీలకు సాధారణంగా లైసెన్సు తప్పనిసరి.