మేనరికానికి తలుపు తీసిన పుస్తకమే మారుమనువుకి గడియ పెట్టింది

మన కుటుంబ వంశవృక్షాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే ఆ సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ ఎర్ర గుర్తు చూపించేది. ఈ ఇద్దరూ ముందే రక్తసంబంధీకులు, ఒకసారి సరిచూసుకోండి అని. సరిచూడ్డానికేముంది, మా నాయనమ్మ మా తాతకి సొంత అక్క కూతురు. ఆ పైతరంలో ఇద్దరు మేనత్త కొడుకుల్ని చేసుకున్నారు. ఎక్కడో కూర్చుని ఎవరో రాసిన ప్రోగ్రాముకి మేనరికం ఒక తప్పు. మనకి అది సంబంధాలన్నిట్లోకీ నమ్మకమైన సంబంధం. నాది టెస్టింగ్ ఉద్యోగం కాబట్టి ఎర్ర గుర్తు కనిపిస్తే నాకు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: రూలు తప్పా, డేటా తప్పా?

అదే చెట్టులో ఇంకో కొమ్మ ఉంది. తాత చెల్లెలు. పెళ్లయిన మూడో ఏడే భర్త పోయాడు. తుంగభద్ర డ్యాం నీళ్లు వచ్చాక మనవాళ్లు కంప్లి పక్క క్యాంపుకి వచ్చినప్పుడు ఆమె కూడా వచ్చింది. నాట్లు వేయించింది, మా నాన్నవాళ్లని పెంచింది, ఎనభై దాటాక పోయింది. అక్క కూతుర్ని చేసుకోడానికి ముహూర్తం పెట్టిన పురోహితుడే ఈమెకి మారుమనువు మాట ఎత్తితే శాస్త్రం ఒప్పుకోదు అన్నాడని మా నాన్న చెప్పేవాడు. ఏ శాస్త్రం అని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. నేను అడిగి వెతికితే, అది చివరికి మన పక్కనే, కంప్లి నుంచి గంట దారిలో ఉన్న హంపిలో తేలింది.

ముందు మేనరికం సంగతి. మనుస్మృతి మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవద్దంటుంది, ప్రాయశ్చిత్తంగా చాంద్రాయణ వ్రతం చెబుతుంది. బౌధాయన ధర్మసూత్రం మాత్రం వేరే దారి పట్టింది. దక్షిణాది వాళ్లకే ఉన్న ఆచారాలు ఐదు అని లెక్క చెప్పింది: ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్ని చేసుకోవడం, మేనత్త కూతుర్ని చేసుకోవడం. ఉత్తరాది వాళ్లకీ ఐదు ఉన్నాయి, వాటిలో సముద్ర ప్రయాణం ఒకటి. (విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఆ పక్క లెక్కలోకి కూడా వచ్చారన్నమాట.) ఏ దేశంలో ఉన్న ఆచారం ఆ దేశంలో చెల్లుతుంది, దాన్ని ఇంకో చోట చేస్తే దోషం అన్నది బౌధాయనుడి మాట. గౌతముడు దీన్ని ఒప్పుకోలేదని కూడా అక్కడే ఉంది. కుమారిలభట్టు అయితే తంత్రవార్తికంలో దక్షిణాదివాళ్లు మేనమామ కూతురు దొరికితే సంబరపడిపోతారని ఎత్తిపొడిచాడు.

ఆ ఎత్తిపొడుపుకి గట్టి జవాబు రాసినవాళ్లలో ఒకడు మాధవాచార్యుడు, విజయనగరం బుక్కరాయల మంత్రి. 1327లో ఢిల్లీ సైన్యం చేతిలో మన కంపిలి రాజ్యం పోయింది. కుమారరాముడి కథ ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. హరిహర బుక్కలు అంతకుముందు కంపిలి కొలువులో ఉన్నారని ఒక కథనం. ఆ తరువాత నది ఒడ్డునే కొత్త రాజ్యం లేచింది. దానికి సైన్యం ఎంత అవసరమో, తెలుగు, కన్నడ, తమిళ జనాలందరికీ ఒప్పించదగ్గ ధర్మం కూడా అంత అవసరం. మాధవుడు పరాశరస్మృతిని తీసుకుని దానికి పెద్ద వ్యాఖ్యానం రాశాడు, పరాశరమాధవీయం అంటారు. మూలంలో వ్యవహార కాండ, అంటే తగాదాల తీర్పు భాగం లేదు. ఆయన దాన్ని కూడా సొంతంగా చేర్చాడు.

మేనరికం గురించి ఆయన వాదం చూస్తే లాయరుకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. పద్ధతి ప్రకారం కన్యాదానం చేసి ఇచ్చిన అమ్మాయి పుట్టింటి గోత్రం వదిలి భర్త గోత్రంలోకి వెళ్లిపోతుంది. కాబట్టి ఆమెకీ ఆమె తమ్ముడికీ శాస్త్రరీత్యా సపిండ సంబంధం తెగిపోయింది. తెగిపోయాక ఆమె కొడుక్కి ఆ తమ్ముడి కూతురు బంధువు ఎలా అవుతుంది? వేదంలోంచి కూడా ఆధారాలు తెచ్చి పెట్టాడు. మనువు నిషేధం ఇంకో రకం పెళ్లిళ్లకే వర్తిస్తుందని సర్దాడు. ఒకటి గమనించండి, బౌధాయనుడి ఐదింటిలో అక్క కూతురు లేదు. మన తాతలు శాస్త్రం సాగినంత దూరం వెళ్లి ఇంకో అడుగు కూడా వేశారు. కన్నడంలో 'అక్కన మగళు' అంటే సగం పెళ్లి కుదిరినట్టే లెక్క, ఇక్కడ కన్నడిగులకి కూడా అది వింత కాదు.

ఇప్పుడు రెండో తలుపు. అదే పరాశరస్మృతిలో ఒక శ్లోకం ఉంది. భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా, సన్యాసం తీసుకున్నా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి వేరే భర్త విధి అని దాని అర్థం. దాచిపెట్టకుండా చెప్పాలంటే, వెంటనే వచ్చే శ్లోకాల్లో మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండే వితంతువుని పొగడడం, సహగమనాన్ని పొగడడం కూడా ఉన్నాయి. అయినా వేరే భర్త మాట స్పష్టంగానే ఉంది. దీనికి మాధవుడు ఏం చేశాడు? ఇది ఈ యుగానికి కాదు, యుగాంతరానికి సంబంధించింది అని ఒక్క మాటతో దాటేశాడు. కలియుగంలో వదిలేయాల్సినవి అని పురాణాల్లో ఉన్న జాబితాని ఆధారం చూపించాడు.

చిక్కేమిటంటే పరాశరస్మృతి మొదటి అధ్యాయంలోనే, కృతయుగానికి మనువు, త్రేతకి గౌతముడు, ద్వాపరానికి శంఖలిఖితులు, కలికి పరాశరుడు అని రాసి ఉంది. కలియుగం కోసమే రాసిన పుస్తకంలోని శ్లోకం కలియుగానికి పనికిరాదట! మా పనిలో ఎవరైనా స్పెసిఫికేషన్‌ని ఇలా చదివితే బగ్గు వెనక్కి పంపిస్తాం. మేనమామ కూతురి కోసం అంత తవ్విన మనిషి, వితంతువు కోసం ఒక్క పార కూడా వేయలేదు. ఆయనకి తెలివి లేక కాదు. మేనరికం లేకపోతే చుట్టూ ఉన్న జనం సగం పెళ్లిళ్లు చెల్లకుండా పోతాయి, భూములు బయటికి పోతాయి. వితంతువు గురించి కొలువులో అడిగేవాళ్లు ఎవరున్నారు? ఇది నా ఊహ, కానీ ఇంకో కారణం నాకు దొరకలేదు.

ఐదు వందల ఏళ్ల తరువాత, 1855లో బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు సరిగ్గా ఇదే శ్లోకం పట్టుకున్నాడు, మాధవుడి మాట పరాశరుడి సొంత మాటకే విరుద్ధం అని చూపించాడు. 1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది. మన వైపు కందుకూరి వీరేశలింగం గారు 1879లో రాజమండ్రిలో ఉపన్యాసం ఇచ్చి శాస్త్రం ఒప్పుకుంటుందని వాదించారు. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకీ గౌరమ్మకీ మొదటి పెళ్లి చేశారు. డబ్బు సాయం కాకినాడ పైడా రామకృష్ణయ్య గారిది. శంకరాచార్యుల శ్రీముఖంతో వెలి పడింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రాకపోతే రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి తనే నీళ్లు తెచ్చుకుని వండారు. వెంట నిలబడినవాళ్లలో చాలామంది ప్రాయశ్చిత్తం చేసుకుని వెనక్కి వెళ్లిపోయారు. ఇక్కడ చట్టం అప్పటికే పాతికేళ్లుగా ఉంది. అడ్డం ఉన్నది పంచాంగం చేతిలో ఉన్న మనిషి.

నేను చదివింది కన్నడ మీడియం కాబట్టి వీరేశలింగం గారికంటే ముందు నాకు తెలిసింది బసవణ్ణ. పన్నెండో శతాబ్దంలో కల్యాణలో, బ్రాహ్మణుడైన మధువరసు కూతుర్ని, సమగార హరళయ్య కొడుక్కి శరణులు ఇచ్చారని, దానికి ఆ ఇద్దరు తండ్రుల ప్రాణాలు పోయాయని శరణుల చరిత్రలో చెబుతారు. లింగాయతుల్లో వితంతువుకి మళ్లీ పెళ్లి ఉంది. ఆ మాటకొస్తే బళ్లారి సీమలో చాలా కులాల్లో ఉంది, 'కూడికె', 'ఉడికె' అంటారు, తెలుగువాళ్లు మారుమనువు అంటారు. చీర పెట్టి, రాత్రిపూట, ముత్తయిదువులు లేకుండా చేసేవాళ్లు. అలా చేసుకున్నామెని తరువాత శుభకార్యాల్లో ముందుకి రానిచ్చేవాళ్లు కాదు. అంటే తలుపు తీశారు, కానీ పెరటి తలుపు. మన పొలంలో పనికి వచ్చే ఆడవాళ్లకి ఆ దారి ఉండింది. వాళ్లకి కూలి లెక్క రాసిన మా తాత చెల్లెలికి లేదు.

భర్త కనబడకుండా పోతే ఏం చేయాలన్నది ఒక్క హిందువుల బాధ కాదు. హనఫీ పద్ధతిలో అలాంటి భార్య ఆయనకి తొంభై ఏళ్లు నిండేదాకా ఎదురుచూడాలని పాత తీర్పు. విడుదలకి ఇంకో దారి లేక కొందరు ఆడవాళ్లు మతమే వదిలేస్తుంటే, దేవబంద్ మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1931లో ఒక పుస్తకం రాశారు. ఈ విషయంలో మాలికీ పద్ధతి తీసుకోవచ్చు, అందులో నాలుగేళ్లు చాలు అన్నారు. ఆయన సంస్కర్త కాదు, గట్టి సంప్రదాయవాది. 1939 ముస్లిం వివాహ రద్దు చట్టంలో నాలుగేళ్లు అని ఉన్నది ఆ దారినే వచ్చింది. ఆడవాళ్లు చేజారిపోతున్నారన్న భయం ఉంది కాబట్టే అక్కడ మెలిక దొరికింది.

మన పురోహితులకి మెలికలు తెలియవా అంటే, బోలెడు తెలుసు. మూడో పెళ్లి అచ్చిరాదంటే, ముందు జిల్లేడు చెట్టుకి తాళి కట్టించి దాన్ని మూడోది చేసి, అసలు పెళ్లిని నాలుగోదిగా చూపిస్తారు. ఒకే గోత్రం వస్తే పిల్లని ఇంకో గోత్రం వాళ్లకి దత్తత ఇప్పించి పీటల మీద కూర్చోబెడతారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లకి ఇంకో దారి కూడా తెలుసు: త్రిపురనేని రామస్వామి చౌదరి గారు వివాహవిధి రాసి తెలుగులోనే పెళ్లిళ్లు చేయించారు. అయినా క్యాంపుకి వచ్చాక చాలా ఇళ్లు మళ్లీ పాత పద్ధతికే వెళ్లాయి. పరాయి ఊళ్లో పురోహితుడు పెళ్లి చేయడమే కాదు, సంబంధం చూస్తాడు, మొగుడూపెళ్లాల తగువు తీరుస్తాడు, ఊరి కబురు తెస్తాడు. ఆయన్ని వదులుకోవడం కష్టం.

పోయిన ఏడాది మా పిన్ని కూతురి రెండో పెళ్లికి ఇదంతా మన ఇంట్లోకే వచ్చింది. విడాకులయ్యాయి, కోర్టు కాగితం ఉంది, అబ్బాయివాళ్లు మంచివాళ్లు. మొదట పిలిచిన ఆయన కుదరదన్నాడు. ఒకసారి దానం ఇచ్చిన పిల్లని మళ్లీ ఎలా దానం ఇస్తారు అని ఆయన అడ్డం. పెదనాన్న కూడా అదే పట్టుకున్నాడు, రిజిస్టరాఫీసులో కానిచ్చేద్దాం అన్నాడు. పిల్ల ఏడవలేదు, నాకు మంత్రాలు కావాలి అని మాత్రం అంది. గంగావతి వైపు నుంచి ఇంకో పురోహితుడు వచ్చాడు, వయసులో చిన్నవాడే. మూడు సార్లు మన ఇంటికి వచ్చి పెదనాన్న పక్కన కూర్చుని మాట్లాడాడు.

"పెద్దాయనా, దానం ఒక్కసారే, నేనూ కాదనను. అందుకని దానం వద్దు. అమ్మాయి తన కాళ్ల మీద తనే నడిచి వస్తుంది. మాంగల్యం, సప్తపది చాలు. మీరు అక్షింతలు వేయండి" అన్నాడు.

పెదనాన్న వేశాడు. 1955 హిందూ వివాహ చట్టం కూడా సప్తపది ఉన్న ఆచారంలో ఏడో అడుగుతో పెళ్లి పూర్తయిందనే అంటుంది. కన్యాదానం తప్పనిసరి కాదని 2024లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. అదే చట్టం ఆచారం ఉన్నచోట మేనమామకి మేనకోడల్ని ఇవ్వడాన్ని కూడా ఒప్పుకుంది, అంటే బౌధాయనుడి మాటే మళ్లీ.

కన్యాదానం అనే మాట ఇంత గట్టిగా పట్టుకోడానికి వెనక ఇంకో కథ ఉంది. వేలూరు దగ్గర విరించిపురం గుళ్లో దేవరాయల కాలం నాటి శాసనం, సుమారు 1425 నాటిది. పడైవీడు రాజ్యంలోని బ్రాహ్మణులు, కన్నడిగులు, తమిళులు, తెలుగువాళ్లు, లాటులు కూడి ఒక ఒప్పందం రాసుకున్నారు. ఇక మీదట పెళ్లి కన్యాదానంగానే చేయాలి, బంగారం తీసుకుని పిల్లని ఇచ్చినా, బంగారం ఇచ్చి చేసుకున్నా రాజదండన, కులంలోంచి వెలి. అప్పుడు కన్యాదానం పిల్లని అమ్మకుండా కాపాడే మాట. అన్ని భాషలవాళ్లూ ఒప్పుకున్నా అది ఆగలేదు. నాలుగు వందల డెబ్బై ఏళ్ల తరువాత, 1897లో గురజాడ కన్యాశుల్కం అచ్చయ్యే నాటికి ఒక్క విశాఖపట్నం జిల్లాలోనే మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు వెయ్యికి పైగా లెక్క తేలాయి. వాటన్నిటికీ మంత్రాలు చదివినవాళ్లు ఉన్నారు కదా. అసుర వివాహం అని శాస్త్రం పేరు పెట్టినదానికి మెలిక దొరికింది, ఎందుకంటే డబ్బు తండ్రికి, దక్షిణ పురోహితుడికి.

ఆ శాసనంలో ఒక లోటు ఉంది. పిల్లకి ధర కట్టడం గురించి రాశారు, పిల్లాడికి ధర కట్టడం గురించి రాయలేదు. కట్నం వద్దని చట్టం 1961లో వచ్చింది. మన క్యాంపుల్లో కట్నం ఇప్పటికీ ఎకరాల్లో మాట్లాడుకుంటారు. లగ్నపత్రికలో గోత్రం, నక్షత్రం, ముహూర్తం అన్నీ రాసే పురోహితుడు ఆ మాటలప్పుడు పక్కనే కూర్చుని ఉంటాడు, ఆ ఒక్క లైను మాత్రం రాయడు.