పడిపోయిన సర్వర్‌ను లేపేదెవరు?



వేలిముద్ర వేయబోతే “సర్వర్ డౌన్, రేపు రండి” అన్న మాట మనలో విననివారు అరుదు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభమైన తర్వాత మనం బ్రతికి ఉన్నామనే రుజువు కూడా యంత్రం మేలుకొని ఉండటం మీద ఆధారపడింది.

సర్వర్ అంటే రాత్రింబవళ్ళు నడిచే కంప్యూటరు. అందులో ఒక్కో పనికి ఒక్కో సర్వీసు ఉంటుంది. అది ఆగిపోతే ఒకప్పుడు మనిషి వచ్చి మళ్ళీ నడపవలసి వచ్చేది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వారు 1979లో వెలువరించిన యూనిక్స్‌లో క్రాన్ అనే ఏర్పాటు ఉండేది. చెప్పిన వేళకు చెప్పిన పని చేయించడమే దాని ఉద్యోగం. నాలుగు వరుసల స్క్రిప్టు రాసి దానికి అప్పగిస్తే చాలు. సర్వీసు హాజరులో ఉన్నదా అని నిమిషానికొకసారి చూస్తుంది. లేకపోతే లేపి, ఏ వేళకు లేపిందో లాగ్ అనే రిజిస్టరులో రాస్తుంది. 2010లో లినక్స్‌కు వచ్చిన సిస్టమ్‌డీలో ఈ కాపలా ముందే అమర్చి ఉంది.

మనిషి లేని కాపలా మన పాలమూరుకు కొత్త కాదు. వనపర్తి రాజా రామేశ్వరరావు పూనికతో మొదలై 1959లో పూర్తయిన సరళాసాగర్‌లో సైఫన్లున్నాయి. నీరు నిండు మట్టం దాటగానే సైఫనులోని గాలి బయటకు పోయి, నీరు తనంతట తానే దిగువకు దూకుతుంది. మట్టం తగ్గగానే గాలి చొరబడి ఆగిపోతుంది. గేటు ఎత్తే పనే లేదు.

అయినా 2019 డిసెంబరు 31న ఆ ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడింది. సైఫను చూసేది నీటి మట్టాన్నే గాని కట్టను కాదు. కట్టను తర్వాత తిరిగి కట్టారు.

స్క్రిప్టు సంగతీ అంతే. డిస్కు నిండిపోయి సర్వీసు పడిపోతుంటే అది వందసార్లు లేపుతుంది, వందసార్లూ రాస్తుంది. కారణం మాత్రం వెతకదు. సంతకం పెట్టి కుర్చీలో కునుకు తీసే ఉద్యోగిలాగా, పేరుకు నడుస్తూ జవాబివ్వని సర్వీసును కూడా అది హాజరు కిందే లెక్కిస్తుంది.

గుమాస్తాగా నేను నేర్చినది ఒక్కటే. రిజిస్టరు రాయడం ఒక పని, దానిని తెరిచి చదవడం మరొక పని. రెండవది మనిషిదే. కాబట్టి ఇకమీదట సర్వర్ మళ్ళీ ఎప్పుడు లేస్తుందని మాత్రమే కాదు, ఎందుకు పడిందని కూడా సంఘం తరఫున కాగితం మీద అడుగుదాం.