తత్రీజ్: ఊరి గుర్తు నుంచి జాతి చిహ్నానికి

కతార్ ఉత్తర తీరాన, మదీనత్ అల్ షమాల్ పురపాలక ప్రాంతంలో, జుబారా అనే పాత ముత్యాల వర్తక పట్టణపు శిథిలాలున్నాయి. 1811లో దాడికి గురై ధ్వంసమైన ఈ పట్టణాన్ని యునెస్కో 2013లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇక్కడ మనుషులు వెళ్ళిపోయినా గోడల ఆనవాళ్ళు మిగిలాయి. 1948లో ఖాళీ అయిన వందలాది పాలస్తీనా గ్రామాల్లో చాలావాటికి ఆ గోడలూ మిగల్లేదు. ఆ ఊళ్ళ స్త్రీలు వెంట తీసుకువెళ్ళిన దుస్తుల మీది కుట్టుపని మాత్రం మిగిలింది. అరబ్బీలో దాని పేరు తత్రీజ్.

బట్ట పోగులు లెక్కపెట్టి వేసే అడ్డకుట్టు దీనికి ఆధారం. అందుకే సరుగుడును పోలిన సైప్రస్ చెట్టయినా, చంద్రుడయినా కోణాల్లోనే రూపుకడుతుంది. రామల్లా దుస్తుల్లో ఎర్రదారం ప్రధానం. బెత్లెహేములో ఛాతీభాగాన్ని పట్టు, జరీ దారాలతో నింపేవారు. దక్షిణాది బదూయిన్లలో పెళ్ళయిన స్త్రీకి ఎరుపు, వితంతువుకు నీలం. చూడగానే ఊరూ, స్థితీ తెలిసేవి. అలాగని ఈ కళ మార్పెరుగనిది కాదు. 1930లలో ఐరోపా నూలుదారాలు, నమూనా పుస్తకాలు వచ్చాక పూలూ పిట్టలూ ఇందులో చేరాయి.

1948లో సుమారు 7 లక్షలమంది నిర్వాసితులయ్యారు. శిబిరాల్లో వేర్వేరు ఊళ్ళ స్త్రీలు ఇరుగుపొరుగులయ్యారు, నమూనాలు కలిసిపోయాయి. తన పెళ్ళికి తాను కుట్టుకున్న పని, పూట గడవడానికి ఇతరుల కోసం కుట్టే పనిగా మారింది. 1987లో మొదలైన తొలి ఇంతిఫాదా కాలంలో, జెండా ఎగరేయడం నిషిద్ధమైనప్పుడు, స్త్రీలు దాని రంగులనూ దేశపటాన్నీ దుస్తులపైనే కుట్టుకున్నారు. ఊరి గుర్తు జాతి చిహ్నమయింది. 2021లో యునెస్కో ఈ కళను అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ గుర్తింపులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ప్రపంచమంతా 'పాలస్తీనా' అని చదవగలిగిన కుట్టులో, ఏ ఊరిదో చదవగలిగినవారు తగ్గిపోతున్నారు. తెలంగాణ తండాల్లో లంబాడీ స్త్రీల అద్దాల కుట్టుపని సంచులకూ దిండు గలీబులకూ ఎక్కినప్పుడు తలెత్తే ప్రశ్న కూడా ఇదే: కొన్నవారికి అది అలంకారం, కుట్టినవారికి అది చిరునామా. విదాద్ కవార్ దశాబ్దాలుగా సేకరించిన దుస్తులు అమ్మాన్‌లోని తిరాజ్ కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అటువంటి చోట బట్టతోపాటు దాని ఊరిపేరు కూడా నిలవాలి. ఊరే లేనప్పుడు, ఆ పేరును మోసేది ఆ బట్టే.