చేతన స్వప్నం

తాను కల కంటున్నానన్న సంగతి, కల నడుస్తుండగానే నిద్రిస్తున్న వ్యక్తికి తెలిసి ఉంటే ఆ కలను చేతన స్వప్నం అనవచ్చును. దీనిని ఆంగ్లంలో లూసిడ్ డ్రీమ్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. స్పష్ట స్వప్నం, స్వప్న జాగృతి అన్న మాటలు కూడా వాడదగినవే గాని, ఇక్కడ స్పష్టత అనేది దృశ్యానికి సంబంధించినది కాదు, కలగనే వాని తెలివికి సంబంధించినది. మసకగా కనిపించే కల కూడా చేతన స్వప్నం కావచ్చును. కళ్ళకు కట్టినట్లుండే కల కాకపోవచ్చును.

ఎరుక, అదుపు

చేతన స్వప్నం అనగానే కలను ఇష్టం వచ్చినట్లు నడిపించడం అని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. ఎరుక వేరు, అదుపు వేరు. ఇది కల అని తెలిసి కూడా ఏమీ మార్చలేక చూస్తూ ఉండిపోవడం సాధారణం. అట్లే, కల అని తెలియకుండానే కలలో ఎగరడం, కోరిన చోటికి పోవడం కూడా జరుగుతుంది.

ఎరుకలో కూడా అంతరాలున్నాయి. ఉదాహరణకు ఒక వ్యక్తి తాను డోన్ రైల్వే జంక్షనులో ఉన్నట్లు కల కంటూ, ఇది కల అని గ్రహించాడనుకుందాం. అయినా రైలు తప్పిపోతుందేమోనని పెట్టె పట్టుకొని పరుగెత్తుతాడు. "కల" అన్న మాట మనసులో మెదిలింది గాని, దాని ఫలితం మనసుకెక్కలేదు. ఎరుక పూర్తిగా ఉన్నవానికి తన శరీరం ఇంట్లో మంచం మీద ఉన్నదని, ఈ రైలు తప్పితే నష్టమేమీ లేదని, పడుకునే ముందు తాను కలలో ఏమి చేయదలచుకొన్నాడో ఆ సంగతీ గుర్తుంటాయి. జర్మను మనస్తత్వవేత్త పాల్ థోలీ ఈ తేడాను గుర్తించి, కల అన్న ఎరుకతో పాటు తన ఇష్టప్రకారం నిర్ణయం తీసుకొనే స్వేచ్ఛ, జ్ఞాపకశక్తి, చుట్టూ ఉన్నదాని గ్రహింపు మొదలైనవాటిని కూడా స్పష్టతకు లక్షణాలుగా చెప్పాడు.

భారతీయ చింతనలో

మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి అవస్థలను, వాటికి అతీతమైన తురీయాన్ని చెబుతుంది. స్వప్నావస్థలోని ఆత్మకు తైజసుడని పేరు. గౌడపాదుడు తన కారికలలో స్వప్నంలోని వస్తువులను, మెలకువలోని వస్తువులను ఒకే త్రాసులో తూచాడు. పతంజలి యోగసూత్రాలలో మొదటి పాదం 38వ సూత్రం స్వప్నంలో, నిద్రలో కలిగే జ్ఞానాన్ని ఆలంబనగా చేసుకొని చిత్తాన్ని నిలపవచ్చునంటుంది. ఈ గ్రంథాలలో చేతన స్వప్నాన్ని అభ్యసించే పద్ధతి మాత్రం విడమరచి చెప్పబడలేదు. అటువంటి సాధన టిబెట్టు బౌద్ధంలో ఉంది. నారోపా పేరిట ప్రసిద్ధమైన ఆరు యోగాలలో స్వప్నయోగం ఒకటి. కలను కలగా గుర్తించడం, అందులోని వస్తువులను పెంచడం, తగ్గించడం, మార్చడం, చివరకు మెలకువలోని ప్రపంచాన్ని కూడా అదే దృష్టితో చూడడం ఇందులోని మెట్లు.

తెలుగు సాహిత్యంలో కలలకు కొదవ లేదు. తిక్కనకు హరిహరనాథుడు కలలో కనిపించి భారతాన్ని అంకితమడిగాడు. కృష్ణదేవరాయలకు కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం వ్రాయమన్నాడు. పోతన భాగవతంలో ఉష, అంతకు ముందెన్నడూ చూడని అనిరుద్ధుని కలలో చూసి వలచింది. ఇవేవీ చేతన స్వప్నాలు కావు. కల ఆజ్ఞాపిస్తుంది, కలగన్నవారు లేచి దానిని నెరవేరుస్తారు. మడికి సింగన తెలుగు చేసిన వాసిష్ఠం ఈ విషయానికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది. యోగవాసిష్ఠంలోని లవణ మహారాజు కథలో, ఐంద్రజాలికుని మాయ వలన రాజు క్షణకాలంలో ఒక జీవితకాలమంతా మరొకనిగా బ్రతికి, ఆ కష్టాలన్నీ పడి, తిరిగి సింహాసనం మీద కళ్ళు తెరుస్తాడు. ఇది కల అన్న ఎరుక లేకపోతే కల ఎంత నిజమో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు.

ఆధునిక పరిశోధన

ఫ్రాన్సు దేశీయుడైన హెర్వే ద సాం-దెనీ తన కలలను ఏళ్ళ తరబడి వ్రాసుకొని, కలలను నడిపించే విధానం గురించి 1867లో పుస్తకం ప్రచురించాడు. లూసిడ్ డ్రీమ్ అన్న పదబంధాన్ని వ్యాప్తిలోకి తెచ్చినది డచ్చి వైద్యుడు, రచయిత ఫ్రెడరిక్ వాన్ ఈడెన్. 1913లో ప్రచురించిన వ్యాసంలో, 1898 నుండి 1912 వరకు తాను కన్న 352 చేతన స్వప్నాలను నమోదు చేసినట్లు అతడు తెలిపాడు.

అయినా శాస్త్రవేత్తలు చాలాకాలం దీనిని నమ్మలేదు. నిద్రలో స్పృహ ఉండదు గనుక, ఇవి నడుమ నడుమ మేలుకొన్న క్షణాలై ఉంటాయని వారి అభిప్రాయం. కల కన్నవాని మాట తప్ప వేరే సాక్ష్యం లేకపోవడమే ఇందుకు కారణం. ఈ చిక్కును విడదీసిన ఉపాయం చాలా తేలికైనది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో శరీర కండరాలు దాదాపుగా చచ్చుబడి ఉంటాయి, కాని కళ్ళు మాత్రం కదులుతాయి. కలలో చూపును కుడికి ఎడమకు తిప్పితే అసలు కళ్ళు కూడా అట్లే తిరుగుతాయి. కాబట్టి ముందుగా అనుకొన్న లెక్క ప్రకారం కళ్ళు తిప్పి, నిద్రలో నుండే సైగ చేయవచ్చును. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో 1975 ఏప్రిల్ 12న అలన్ వర్స్లీ అనే వ్యక్తి ఇటువంటి సైగ చేయగా కీత్ హెర్న్ నమోదు చేశాడు. దీనితో సంబంధం లేకుండా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాబెర్జ్ కూడా ఇదే పద్ధతిని కనుగొన్నాడు. 1981లో అతని బృందం ప్రచురించిన ఫలితాలతో ఈ విషయం పరిశోధనాంశంగా నిలదొక్కుకొంది.

2009లో ఉర్సులా వోస్ బృందం చేతన స్వప్న సమయంలో మెదడు ముందుభాగంలో 40 హెర్ట్జుల ప్రాంతపు తరంగాలు పెరుగుతాయని పేర్కొంది. కంటి కదలికల వలన పుట్టే విద్యుత్తు ఆ కొలతలలో కలిసి ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు ఆక్షేపించారు. ఈ వివాదం ఇంకా తీరలేదు. 2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్సు దేశాల ప్రయోగశాలలు కలిసి ప్రచురించిన పరిశోధన మరింత ఆసక్తికరమైనది. నిద్రిస్తున్న వారిని బయటి నుండి "8లో 6 పోతే ఎంత" వంటి ప్రశ్నలడగగా, కొందరు కలలో నుండే కంటి సైగలతోను, ముఖ కండరాల కదలికతోను జవాబిచ్చారు. పాల్గొన్నవారు 36 మంది. సరైన జవాబులు వచ్చినవి సుమారు 18 శాతం ప్రయత్నాలలో మాత్రమే. ఎక్కువ ప్రయత్నాలకు జవాబే రాలేదు.

ఇది అరుదైన అనుభవమేమీ కాదు. అనేక సర్వేలను కలిపి 2016లో చేసిన విశ్లేషణ ప్రకారం సుమారు 55 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా చేతన స్వప్నం కన్నారు. నెలకొకసారి గాని అంతకంటే ఎక్కువగా గాని కనేవారు సుమారు 23 శాతం.

అభ్యాస పద్ధతులు

కలలు గుర్తుండనివానికి చేతన స్వప్నం వచ్చినా ప్రయోజనం లేదు. అందువలన నిద్ర లేవగానే, కదలకుండా, కలను గుర్తు తెచ్చుకొని పుస్తకంలో వ్రాసుకోవడం మొదటి పని. కొన్ని వారాలు వ్రాస్తే ఎవరి కలలలో ఏవి మాటిమాటికి వస్తున్నాయో తెలుస్తుంది. చదివిన బడి, చనిపోయిన బంధువులు, తెలియని పరీక్ష ఇటువంటివి. వీటిని కల గుర్తులుగా పెట్టుకోవాలి.

రెండవది వాస్తవ పరీక్ష. పగటిపూట అప్పుడప్పుడు ఆగి "ఇది కలేమో" అని నిజంగా సందేహించి పరీక్షించుకోవాలి. ముక్కు మూసుకొని గాలి పీల్చి చూడడం ఒకటి. కలలోనైతే గాలి ఆడుతుంది. వ్రాతను రెండుసార్లు చదవడం మరొకటి. కలలో అక్షరాలు నిలకడగా ఉండవు. ఒకసారి "డోన్" అని కనిపించిన బోర్డు, చూపు మరల్చి మళ్ళీ చూస్తే ఆ ఊరి పాతపేరు "ద్రోణాచలం"గానో, అర్థంలేని అక్షరాలుగానో మారిపోవచ్చు. మొక్కుబడిగా చేస్తే ఈ పరీక్ష పనిచేయదు. కలలో కూడా అదే మొక్కుబడిగా చేసి, "మెలకువే" అని తేల్చుకొనే ప్రమాదముంది.

అన్నిటికంటె ఎక్కువ ఆధారాలున్నది లాబెర్జ్ రూపొందించిన మైల్డ్ అనే పద్ధతికి. సుమారు ఐదు గంటలు నిద్రపోయి లేచి, అప్పుడే వచ్చిన కలను తలచుకొని, అందులో తాను మెలకువ తెచ్చుకొన్నట్లు ఊహించుకొంటూ "ఈసారి కల వచ్చినప్పుడు అది కల అని గుర్తుంచుకొంటాను" అనే సంకల్పంతో తిరిగి నిద్రపోవడమే ఈ పద్ధతి. తెల్లవారుజామున రెమ్ నిద్ర ఎక్కువగా ఉండడం వలన ఆ వేళ అనుకూలమైనది. సంకల్పం తరువాత త్వరగా నిద్ర పట్టినవారికి ఫలితం ఎక్కువగా కనిపించింది.

కలను నిలపడం, నడపడం

కల అని తెలిసిన మొదటి క్షణంలోనే సంతోషం పట్టలేక మేలుకోవడం కొత్తవారందరికీ ఎదురయ్యేదే. కల చెదరుతున్నట్లు అనిపించినప్పుడు కలలోని చేతులను ఒకదానితో ఒకటి రుద్దుకోవడం, లేదా కలలోని శరీరంతో గిరగిర తిరగడం వలన కల మరికొంతసేపు నిలుస్తుందని లాబెర్జ్ పరీక్షించి చెప్పాడు. నేలను, గోడను తాకడం, చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూడడం కూడా ఇటువంటివే. ఒకేచోట చూపు నిలిపితే కల కరిగిపోతుందని అనేకులు చెబుతారు.

అదుపు విషయంలో బలవంతం కంటె నమ్మకం ఎక్కువ పనిచేస్తుంది. ఎదురుగా ఉన్న గోడను "మాయమైపో" అని గద్దిస్తే అది కదలకపోవచ్చును. తలుపు తెరిస్తే అవతల సముద్రముంటుందని తలచి తెరిస్తే సముద్రమే కనిపించవచ్చు. కల ఊహను అనుసరించి సాగుతుంది. ఎగరలేనేమో అన్న అనుమానం వస్తే సగంలో దిగిపోవడానికి కారణం కూడా ఇదే. ఎరుకను మధ్యమధ్య తిరిగి గుర్తుచేసుకోకపోతే, కథలో పడి కల అన్న సంగతే మరచిపోతారు. అందుకే "ఇది కల" అని పైకి అనుకొంటూ ఉండమని అభ్యాసకులు సలహా ఇస్తారు.

పీడకలలకు చికిత్సగా

ఈ విద్యకు గల అసలు ప్రయోజనం బహుశా ఇదే. మాటిమాటికి వచ్చే పీడకలలు గలవారు నిద్రకే భయపడతారు. తరిమే మనిషి నుండి పారిపోతే భయం పెరుగుతుందని, కల అని తెలుసుకొని వెనుదిరిగి "నీవెవరు, నీకేమి కావాలి" అని అడిగితే ఆ రూపం తరచు మారుతుందని థోలీ గమనించాడు. నెదర్లాండ్సులో స్పూర్‌మేకర్, వాన్ డెన్ బౌట్ 2006లో 23 మందితో జరిపిన చిన్న ప్రయోగంలో ఈ చికిత్స పొందినవారికి పీడకలలు తగ్గాయి. అందరికీ చేతన స్వప్నం రాలేదు, అయినా తగ్గుదల కనిపించింది. కలను మార్చవచ్చునన్న ధైర్యమే కొంత పని చేసి ఉండవచ్చును.

కలలో చేసిన సాధన మెలకువలో కూడా కొంత అక్కరకు వస్తుంది. 2010లో ఎర్లాకర్, ష్రెడ్ల్ ప్రచురించిన ప్రయోగంలో, నాణేన్ని గిన్నెలోకి విసరడం చేతన స్వప్నంలో అభ్యసించినవారు మరునాడు మెరుగుపడ్డారు.

ఇబ్బందులు

రాత్రి నడుమ లేచే పద్ధతులు నిద్రను పాడుచేస్తాయి. వీటిని రోజూ కాక, మరునాడు పని లేని రోజులలో చేయడం మంచిది. నిద్ర పట్టే క్షణంలో స్పృహను నిలపడానికి ప్రయత్నించేవారికి నిద్ర పక్షవాతం కలగవచ్చును. కాలుచేయి కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్లు అనిపించే ఈ స్థితిని పల్లెలలో దయ్యం పనిగా చెప్పుకొంటారు. ఇది కొద్దిసేపటిలో తనంతట తానే పోతుంది, ప్రాణాపాయం లేదు. మేలుకొన్నట్లు కల రావడం మరొక చిక్కు. లేచి ముఖం కడుక్కొని కాఫీ తాగుతూ ఉండగా అది కూడా కలే అని తేలుతుంది. కలకు, వాస్తవానికి తేడా తెలియని మానసిక వ్యాధులు గలవారు ఈ అభ్యాసాలకు దూరంగా ఉండాలి.

మతిమరుపు వ్యాధి రోగులకిచ్చే గాలంటమిన్ అనే మందు చేతన స్వప్నాలను పెంచుతుందని 2018లో 121 మందిపై జరిపిన పరిశోధనలో తేలింది. ఉత్తుత్తి మాత్రతో 14 శాతం మందికి, 4 మిల్లీగ్రాములతో 27 శాతం మందికి, 8 మిల్లీగ్రాములతో 42 శాతం మందికి చేతన స్వప్నాలు వచ్చాయి. అయితే ఈ మందు వలన వికారం, నిద్రలేమి కలగవచ్చును, గుండె లయ మందగించవచ్చును. వైద్యుని సలహా లేనిదే దీనిని వాడరాదు.