ప్యాకేజీ ముగిశాక రోగి ఏమయ్యాడు? ఏలూరు, కొల్లేరు ప్రాంతాల్లో ఆరోగ్యశ్రీ చెల్లింపులపై పరిశీలన

విస్తరించిన ఆరోగ్యశ్రీని 2020 జనవరి 3న ఏలూరులో ప్రారంభించి, పశ్చిమ గోదావరి జిల్లాలో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. చికిత్సల జాబితా 1,059 నుంచి 2,059కి పెరిగింది. బిల్లు వెయ్యి రూపాయలు దాటితే చాలు, పథకం వర్తించేలా మార్చారు. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన పథకానికి ఇది పెద్ద మలుపే. అయితే పెరిగింది జాబితా. డబ్బు చెల్లించే పద్ధతి మాత్రం మారలేదు.

ఆ పద్ధతి ప్యాకేజీ. ఆసుపత్రి ముందస్తు అనుమతి తీసుకుంటుంది, చికిత్స చేస్తుంది, రోగి డిశ్చార్జి అయ్యాక క్లెయిము పెడుతుంది. ధర ముందే ఖాయం కాబట్టి ఒక్కో కేసులో బిల్లు పెంచే వీలు తగ్గుతుంది. కేసుల సంఖ్య మాత్రం ఆసుపత్రి చేతిలోనే ఉంటుంది. గర్భసంచి తొలగింపులు మితిమీరుతున్నాయన్న ఆరోపణలతో ఆ ఆపరేషన్‌ను ఒక దశలో ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

ఒక కేసు ఊహించుకుందాం. కొల్లేరు లంక గ్రామంలో చేపల చెరువు కూలీ. షుగరుంది. బొటనవేలి పుండు మానక తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో చేరాడు. వేలు తీసేశారు, ఆసుపత్రికి ప్యాకేజీ డబ్బు వచ్చింది. వారం తిరక్కుండా మళ్లీ ఆ నీళ్లలోకే దిగాడు, ఆర్నెల్లకు పాదం తీయాల్సి వచ్చింది. అది ఇంకో ప్యాకేజీ! పుండు ఆరేదాకా కట్లు మార్చి, షుగరు అదుపులో పెట్టి, పాదం దక్కించిన వైద్యుడికి దక్కేది అంతకన్నా తక్కువే.

ప్యాకేజీకి అసలు లొంగని అవసరాలూ ఉంటాయి. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్లకు వెళ్లారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. అప్పుడు ఊరికి కావాల్సింది ఆ విషం ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చడం. అలాంటి పనికి ఏ జాబితాలోనూ ధర ఉండదు.

చికిత్స ఫలితాన్ని కొలవడానికి జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ 2022లో ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రులకు అయిదు కొలమానాలు ప్రతిపాదించింది: రోగి సంతృప్తి, మళ్లీ చేరికలు, చేతి ఖర్చు, రుజువైన ఫిర్యాదులు, జీవన నాణ్యతలో మెరుగు. దిశ సరైనదే. నా సందేహమల్లా రెండో కొలమానం మీద. అమెరికాలో 2012 నుంచి మళ్లీ చేరికలకు జరిమానా వేస్తే, పేదలకు వైద్యం చేసే ఆసుపత్రులే ఎక్కువగా నష్టపోయాయి. పేద రోగుల వాటాను బట్టి ఆసుపత్రులను వర్గాలు చేసి పోల్చాలని 2016లో చట్టం తేవాల్సి వచ్చింది. ఆ సవరణ లేకుండా ఇక్కడ అమలు చేస్తే, కొల్లేరు నుంచి ఆలస్యంగా వచ్చే షుగరు పుండును ఏ ఆసుపత్రీ చేర్చుకోదు, విజయవాడకు రాసి పంపేస్తుంది.

పునాది కొంత ఇప్పటికే ఉంది. కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు ఫాలో-అప్ ప్యాకేజీలు పథకంలో ఎప్పుడో చేర్చారు. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇచ్చింది. పైన చెప్పిన కూలీని నీళ్లలోకి దిగకుండా ఆపగలిగేది వైద్యుడి సలహా కన్నా ఈ డబ్బే. షుగరు పుండ్లకు ఈ రెండింటినీ జతచేసి, ఏడాది తర్వాత పాదం నిలిస్తే ఆసుపత్రికి కొంత అదనంగా ఇవ్వడం తొలి ప్రయోగానికి చాలు. దానికన్నా ముందు బకాయిలు తీర్చాలి. వాటికోసమే 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. చేసిన పనికే డబ్బు రాని చోట, ఫలితం చూపిస్తే అదనంగా ఇస్తామన్న మాటను ఏ నర్సింగ్‌హోమూ నమ్మదు.