కొన్న యంత్రానికి తాళంచెవి ఎవరిది?

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పరికరంలో కంపెనీ ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేసి మరొకటి పెట్టుకోవడం ఇప్పుడు ఓ సాయంత్రం పని. ఇరవై ఏళ్ల కిందట ఆ పని కావాలంటే యంత్రం లోపలి లోపాలను నెలల తరబడి గాలించాల్సి వచ్చేది. ఆ గాలింపు వెనుక పెద్ద చరిత్రే ఉంది.

పీఎస్‌పీతో మొదలైన పోరు

2004 డిసెంబరు 12న సోనీ జపాన్‌లో ప్లేస్టేషన్ పోర్టబుల్ (పీఎస్‌పీ)ను విడుదల చేసింది. 333 మెగాహెర్ట్జ్ వరకు పరుగెత్తగల ప్రాసెసర్, 32 ఎంబీ మెమరీ, వెడల్పాటి తెర... జేబులో ఓ చిన్న కంప్యూటరే! సోనీ ఆమోదముద్ర ఉన్న ప్రోగ్రాములే అందులో నడవాలన్నది కంపెనీ నియమం. అయితే తొలి విడత యంత్రాల్లోని 1.00 ఫర్మ్‌వేర్ (యంత్రంలోని మూల సాఫ్ట్‌వేర్) ఆ ముద్ర లేని ప్రోగ్రాములను కూడా నడిపేస్తుందని ఔత్సాహికులు 2005లో కనిపెట్టారు. సోనీ అప్‌డేట్లతో దారులు మూస్తూ పోయింది. వాళ్లు కొత్తవి వెతుకుతూ పోయారు. ఓ బొమ్మ ఫైలును తెరిచేటప్పుడు జరిగే పొరపాటును వాడుకుని 2.00 ఫర్మ్‌వేర్‌ను వెనక్కి, 1.50కి దింపేశారు. 2006లో డార్క్ అలెక్స్ అనే మారుపేరుతో ఓ ప్రోగ్రామర్ కస్టమ్ ఫర్మ్‌వేర్ తెచ్చాడు. సోనీ సిస్టమ్‌లోని సదుపాయాలన్నీ అలాగే ఉంటూ, సొంత ప్రోగ్రాములకూ చోటు దొరికింది.

2007 నాటి ఆవిష్కరణ మరీ అబ్బురం. పీఎస్‌పీ బ్యాటరీలో ఓ చిన్న చిప్ ఉంటుంది. అందులోని సీరియల్ నంబరును ఒక ప్రత్యేక విలువకు మారిస్తే, యంత్రం అది సర్వీస్ సెంటర్ బ్యాటరీ అనుకుని నేరుగా మెమరీ స్టిక్ నుంచే బూట్ అయ్యేది. ‘పండోరా బ్యాటరీ’గా పేరుబడ్డ ఈ ఉపాయంతో, అప్‌డేట్ చెడి మూలన పడ్డ పీఎస్‌పీలకు జనం మళ్లీ ప్రాణం పోశారు. లోపం యంత్రంలోని చిప్‌లోనే ఉండటంతో అప్పటికే అమ్మిన యంత్రాల్లో సోనీ దాన్ని మూయలేకపోయింది.

అదే కాలంలో నింటెండో డీఎస్‌లో, అదీ కేవలం 4 ఎంబీ మెమరీలో, కొందరు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇమిడ్చారు. కొరియాలో మాత్రం వేరే దారి కనిపించింది. అక్కడ 2001లో వచ్చిన జీపీ32 అనే చేతి గేమింగ్ పరికరం సొంత ప్రోగ్రాములు రాసుకునేవారికి ముందునుంచీ తలుపు తెరిచింది. 2005 చివర్లో వచ్చిన జీపీ2ఎక్స్ అయితే లినక్స్‌తోనే పుట్టింది. మార్కెట్ చిన్నదైనా, తాళం లేని గేమింగ్ యంత్రం సాధ్యమేనని ఆ రెండూ నిరూపించాయి.

ఇచ్చి లాక్కున్న హక్కు

ఈ చరిత్రలో ఒక మలుపు చేతి పరికరానిది కాదు, టీవీకి తగిలించే ప్లేస్టేషన్ 3ది. 2006లో వచ్చినప్పుడు అందులో లినక్స్ పెట్టుకోవడానికి సోనీయే ‘అదర్ ఓఎస్’ సదుపాయం ఇచ్చింది. అమెరికా వైమానిక దళం 1,700కు పైగా పీఎస్3లను కలిపి ఓ సూపర్ కంప్యూటరే కట్టింది. కానీ భద్రతా కారణాలు చూపుతూ 2010 ఏప్రిల్ 1న ఒక్క అప్‌డేట్‌తో సోనీ ఆ సదుపాయాన్ని తొలగించింది. డబ్బు పెట్టి కొన్నవారు కోర్టుకెక్కారు. కేసు ఏళ్ల తరబడి నడిచి పరిహారం చెల్లించే రాజీతో ముగిసింది. అమ్మిన వస్తువులోంచి కంపెనీ ఒక గుణాన్ని వెనక్కి తీసుకోవచ్చా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వినిపించింది.

2018లో నింటెండో స్విచ్ వంతు వచ్చింది. అందులోని ఎన్విడియా టెగ్రా ఎక్స్1 చిప్‌లో, యూఎస్‌బీ రికవరీ వ్యవస్థలో ఓ లోపం ఉందని భద్రతా పరిశోధకురాలు కేట్ టెమ్కిన్, ఫెయిల్ ఓవర్‌ఫ్లో హ్యాకర్ల బృందం విడివిడిగా కనిపెట్టారు. కుడి కంట్రోలర్ తగిలించే గాడిలో ఒక పిన్నును షార్ట్ చేసి, కొన్ని బటన్లు నొక్కితే రికవరీ మోడ్ తెరుచుకునేది. అక్కడి నుంచి లినక్స్, 2019లో ఆండ్రాయిడ్ కూడా స్విచ్‌లో నడిచాయి. నింటెండో కొత్త యంత్రాల్లో చిప్‌నే సరిచేయాల్సి వచ్చింది.

ఈ దారుల్లోనే దొంగ గేములూ జోరుగా ప్రవహించాయి. అది గేములు తయారుచేసేవారి కష్టాన్ని దోచుకోవడమే, సమర్థించకూడదు. అయితే సొంత యంత్రంలో సొంత సిస్టమ్ నడుపుకోవడం వేరు, ఇతరుల గేములు కాజేయడం వేరు. మొదటిదానికి రెండోదాని నేరం అంటగట్టడం అన్యాయం.

తలుపు తెరిచిన వాల్వ్

మరో మలుపు పీసీ ప్రపంచం నుంచి వచ్చింది. విండోస్ 8 పీసీ రంగానికి ఓ విపత్తని గేముల కంపెనీ వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ 2012లో బాహాటంగా విమర్శించాడు. మరుసటి ఏడాదే లినక్స్‌తో స్టీమ్ ఓఎస్ మొదలైంది. దానితో 2015లో వచ్చిన ‘స్టీమ్ మెషీన్లు’ అనే గేమింగ్ పీసీలు మాత్రం దెబ్బతిన్నాయి. లినక్స్‌కు గేములే తక్కువ మరి! విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే ‘వైన్’ను 1993 నుంచీ ప్రపంచం నలుమూలల ప్రోగ్రామర్లు నిర్మిస్తూ వస్తున్నారు. దాని ఆధారంగా 2018లో వాల్వ్ ‘ప్రోటాన్’ను తెచ్చింది. విండోస్ కోసం రాసిన వేల గేములు లినక్స్‌లో నడవసాగాయి.

2022 ఫిబ్రవరిలో వాల్వ్ తెచ్చిన చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ ఈ పునాది మీదే నిలబడింది. బూట్ తాళం లేదు. విండోస్ పెట్టుకుంటామన్నవారికి వాల్వే డ్రైవర్లు ఇచ్చింది. తర్వాత ప్రవాహం ఎదురు దిశలోనూ సాగింది. 2023లో విండోస్‌తో వచ్చిన ఆసుస్ ఆర్‌ఓజీ ఆలై, లెనోవో లీజియన్ గో కొన్నవారిలో కొందరు ఫెడోరా లినక్స్ ఆధారంగా తయారైన ‘బజైట్’ను ఎక్కించుకున్నారు. 2025లో లెనోవో లీజియన్ గో ఎస్‌ను విండోస్‌తోనూ, స్టీమ్ ఓఎస్‌తోనూ అమ్మింది. ఒకే రకం యంత్రంలో చాలా గేములు స్టీమ్ ఓఎస్ మీదే వేగంగా నడుస్తున్నాయని పరీక్షల్లో తేలింది.

మార్చుకునే ముందు...

పద్ధతి సులువే. సిస్టమ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి రాసి, బూట్ మెనూలో దాన్ని ఎంచుకుంటే చాలు. కానీ గేమ్ సేవ్‌లు, ఫైళ్లు ముందుగా వేరేచోట భద్రపరచుకోవాలి. పాత సిస్టమ్‌కు తిరిగి వెళ్లే రికవరీ ఫైలు సిద్ధంగా ఉంచుకోవాలి. పని మధ్యలో ఆగకుండా ఛార్జర్ పెట్టే ఉంచాలి. ఫోర్ట్‌నైట్ లాంటి కొన్ని ఆన్‌లైన్ గేములు మోసాల నిరోధక వ్యవస్థ కారణంగా లినక్స్‌లో నడవవు. ఆ సంగతి ముందే చూసుకోవాలి.

కంపెనీ అప్‌డేట్లు ఆపేసినా, సిస్టమ్ మార్చుకోగల యంత్రం చెత్తబుట్టకు చేరదు. కాబట్టి ఈసారి గేమింగ్ పరికరం కొనేటప్పుడు ధర, తెర, బ్యాటరీలతోపాటు మరో ప్రశ్న కూడా అడగండి: ‘ఇందులో నాకు నచ్చిన సిస్టమ్ పెట్టుకోవచ్చా?’ కొనేవాళ్లు అడిగితేనే అమ్మేవాళ్లు తాళాలు తీస్తారు.